నడుం నొప్పి ఉన్నవాళ్ళకే

స్కాట్స్‌డేల్ చుట్టుపక్కల కోరలీ వైనీ అడుగుపెట్టని ఉన్ని షెడ్డు లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించింది. ఒంట్లో ఊపున్న రోజున సాయంత్రానికి నూట డెబ్బై గొర్రెల ఉన్ని తీసి వదిలేది. పక్కన పనిచేసే మగవాళ్ళు ఆ రోజుల్లో తమ లెక్క బయటికి చెప్పుకునేవాళ్ళు కాదు. వారమంతా గొర్రెల మీద వంగి ఉన్న మనిషి ఆదివారమైనా నడుం వాల్చవచ్చు కదా, ఆమె రేసు మోటారుసైకిలెక్కి మళ్ళీ వంగేది. మోకాలు రోడ్డుకి జానెడు దూరంలోకి వచ్చేంతగా బండిని వాల్చి కొండ మలుపులు తిరిగితేగాని ఆమెకి వారం పూర్తయినట్టు ఉండేది కాదు.

యాభై మూడో ఏట నడుం మొరాయించింది. ఆపరేషన్ చేసి వెన్నులో రెండు మరలు బిగించారు. "ఇక గొర్రెలొద్దు, ఆ వంగి కూర్చునే బండీ వద్దు" అన్నాడు డాక్టరు. గొర్రెల సంగతి ఆమె ఒప్పుకుంది. షెడ్డులోనే నిలబడి ఉన్ని నాణ్యత చూసి వేరుచేసే పనికి మారింది. బండి విషయంలో మాత్రం మాట ఇవ్వలేదు. ఉన్న బండిని అప్పటికే అమ్మేసింది. దాని మీద పది నిమిషాలు కూర్చుంటే చాలు, ఎడమ కాలు మొద్దుబారిపోయేది.

ఆ ఊళ్ళో బళ్ళున్నవాళ్ళు, కోరలీతో కలిపి పదకొండు మంది, ఏటా నవంబరు మొదటి ఆదివారం వెల్డ్‌బరో కనుమ దాటి సెయింట్ హెలెన్స్ దాకా వెళ్ళివస్తారు. ఇరవై రెండేళ్ళుగా సాగుతున్న ముచ్చట. ఆపరేషన్ అయిన ఏడాది కోరలీ తన చెల్లెలు లోర్నా ట్రక్కులో శాండ్‌విచ్‌లు పట్టుకుని వెళ్ళింది. సముద్రం ఒడ్డున అందరూ హెల్మెట్లు తీసి, ఎర్రబడ్డ మొహాలతో, ఏ మలుపులో ఎవరు ఎలా తిరిగారో ఒకరి మాటకొకరు అడ్డుపడుతూ చెప్పుకుంటున్నారు. ఆమె మధ్యలో నిలబడి శాండ్‌విచ్‌లు పంచింది. అందరూ ఎంతో మర్యాదగా థాంక్స్ చెప్పారు. ఇరవై ఏళ్ళలో ఆ గుంపులో ఆమెతో ఎవరూ మర్యాదగా మాట్లాడింది లేదు. ఆ మర్యాదకే ఆమె గుండె జారిపోయింది.

మెర్వ్ లాకెట్ ఆమె బాధ కనిపెట్టాడు. వాళ్ళిద్దరూ బడిలో ఒకే బెంచీ. ఇప్పుడతనికి రెండు వందల ఆవులున్నాయి, అంతకు తగ్గ పొట్ట ఉంది, సోఫా లాంటి పెద్ద బండి ఉంది.

"నా మాట వినవే" అన్నాడు. "మన వయసుకి కావాల్సింది కుర్చీ. నాది తీసుకుని ఒకసారి తిరిగి రా. నిటారుగా, మహారాణిలా కూర్చుంటావు."

కోరలీ తీసుకుంది. మహారాణిలాగే బయల్దేరింది. బ్రాంక్స్‌హోమ్ దాకా ఇరవై అయిదు కిలోమీటర్లు కూడా లేదు, సగం దూరంలోనే ఆగాల్సి వచ్చింది. రోడ్డు మీద చిన్న గుంత తగిలితే చాలు, ఆ దెబ్బ నేరుగా వెన్ను పట్టుకుని తలదాకా ఎక్కుతోంది. బండి పక్కన పెట్టి గడ్డిలో వెల్లకిలా పడుకుంది. అటుగా వెళ్ళే పాల ట్యాంకరు డ్రైవరు ఆపి, "ప్రాణం ఉందా?" అని అడిగాడు. ఉందని చెయ్యి ఊపింది.

అలా పడుకునే ఆమె ఆలోచించింది. లోర్నా ట్రక్కులో నిటారుగా కూర్చుంటే నొప్పే. చర్చిలో బల్ల మీద కూర్చున్నా నొప్పే. గొర్రె మీద వంగినప్పుడు మాత్రం, చివరి ఏళ్ళలో కూడా, ఇంత నొప్పి లేదు. వంగడం తనకి శత్రువు కాదేమో, ఎలా వంగుతున్నామన్నదే అసలు సంగతేమో అనిపించింది.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు మెర్వ్ అడిగాడు, "ఎలా ఉందే?"

"నీ సోఫా నీకే ఉండనీరా. నాకు రేసు బండే కావాలి."

"పిచ్చి ముదిరింది" అన్నాడు మెర్వ్, నిజంగానే బెంగపడుతూ.

అక్కడ చలికాలం జూన్‌లో మొదలవుతుంది. ఆ చలికాలమంతా అక్కాచెల్లెళ్ళు బళ్ళు చూశారు. లోర్నాకి బండంటే భయం. ఇరవై ఏళ్ళ కిందట ఒకసారి అక్క వెనక కూర్చుని, దిగాక నేలని ముద్దు పెట్టుకుంది. అయినా తన కుట్టుమిషను టేపు సంచిలో వేసుకుని ప్రతిచోటికీ వచ్చింది. సీటు నుంచి హ్యాండిల్‌కి ఎంత, సీటు నుంచి కాలు పెట్టే కమ్మీకి ఎంత, అన్నీ కొలిచి నోటు పుస్తకంలో రాసేది.

లాన్సెస్టన్‌లో ఒక షాపులో కోరలీ కొత్త రేసు బండి ఎక్కి చూసింది. మోకాళ్ళు పక్కటెముకల్ని తాకాయి, ఒంటి బరువంతా మణికట్ల మీద పడింది. అయిదో నిమిషానికి దిగిపోయింది. ఇంకో చోట సీటు ఎంత ఎత్తంటే కాలి బొటనవేళ్ళు మాత్రమే నేలకి ఆనాయి. డెవన్‌పోర్ట్‌లో దొరికిన ఆకుపచ్చ బండి కూర్చోడానికి బాగానే ఉంది, కానీ ఇంజను వేగం అందుకున్నాక హ్యాండిల్ కందిరీగల తుట్టెలా వణికింది. పావుగంటకి వేళ్ళ స్పర్శ పోయింది.

నాలుగో షాపులో సేల్స్‌మన్ వాళ్ళిద్దర్నీ చూసి ముందుకొచ్చాడు. "మనవడికా అమ్మా?"

"నాకే."

అతను నవ్వు ఆపుకుంటూ, "మీ వయసుకి మూడు చక్రాలవి కూడా వచ్చాయండీ, చాలా భద్రం" అన్నాడు.

కోరలీ జవాబు చెప్పేలోపే లోర్నా అందుకుంది. "మా అక్క ఒక్క రోజులో నూట డెబ్బై గొర్రెల్ని పడగొట్టింది నాయనా. నిన్ను నూట డెబ్బై ఒకటోవాణ్ణి చెయ్యమంటావా?"

బయటికొచ్చి ట్రక్కెక్కాక ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు. కానీ ఇంటికి చేరేసరికి కోరలీ మొహం వాడిపోయింది. లోర్నా పుస్తకంలో పద్నాలుగు బళ్ళ కొలతలున్నాయి, అన్నిటి పక్కనా అడ్డగీతే.

ఆగస్టులో ఒక ఉదయం రొట్టెల దుకాణంలో గోడకి అంటించిన కాగితం కనబడింది. వంకర లేని పెద్ద అక్షరాలు, కొలబద్ద పెట్టి రాసినట్టున్నాయి.

"రేసు బండి అమ్మబడును. నడుం నొప్పి ఉన్నవాళ్ళకే. కుర్రాళ్ళు రావద్దు. ఆథల్ ఓక్స్, బ్యూటీ పాయింట్."

కోరలీ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. కొనుక్కున్న పేస్ట్రీ చేతిలోనే చల్లారిపోయింది.

ఆథల్ ఓక్స్‌కి డెబ్బై ఆరేళ్ళు. టేమర్ నది ఒడ్డున నలభై ఏళ్ళు చెక్క పడవలు కట్టాడు. ఎప్పుడో పడవ మీంచి కిందపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. అక్కాచెల్లెళ్ళు వెళ్ళేసరికి చేతికర్ర ఊతంతో వచ్చి షెడ్డు తలుపు తీశాడు. ముందు బండి చూపించలేదు.

"ఎక్కడ విరిగిందమ్మాయ్?" అని అడిగాడు.

యాభై నాలుగేళ్ళ మనిషిని అమ్మాయ్ అనేసరికి కోరలీకి నవ్వొచ్చింది. వెనక్కి తిరిగి చెయ్యి పెట్టి చూపించింది. "ఇక్కడండీ. నాలుగో పూస, అయిదో పూస."

"నాదీ అక్కడే" అన్నాడు ఆథల్, ఒకే ఊరివాళ్ళం అని తెలిసినట్టు సంతోషపడుతూ. "లోపలికి రండి."

గుడ్డ తీశాడు. ముదురు ఎరుపు బండి, పన్నెండేళ్ళది, ముక్కు కిందికి వాలి, దూకబోయే కుక్కలా ఉంది. చూడ్డానికి మామూలు రేసు బండే. దగ్గరికెళ్ళాకే తేడాలు కనబడ్డాయి. హ్యాండిల్ రెండు వైపులా నాలుగు సెంటీమీటర్లు పైకి లేచి, కాస్త వెనక్కి వచ్చింది. కాళ్ళు పెట్టే కమ్మీలు కిందికి దిగాయి. సీటు ఎవరో ఒళ్ళు చూసి చెక్కినట్టు ఉంది.

"నాలుగేళ్ళు పట్టింది" అన్నాడు ఆథల్. "సీటు ఒక్కటే పన్నెండుసార్లు కోసి మళ్ళీ అతికించా. పడవ అడుగు చెక్కడమే తేలిక. నడుంకి సరిపోయాక తుంటి పోయింది. కాలు ఎత్తి బండెక్కలేను. పందొమ్మిది మంది కుర్రాళ్ళు వచ్చారు కొంటామని. ఒక్కడికీ ఇవ్వలా. వాళ్ళు వారంలో హ్యాండిల్ మళ్ళీ కిందికి దించేస్తారు."

కోరలీ ఎక్కి కూర్చుంది. మోకాళ్ళకి చోటుంది. కమ్మీలు పాదాలకి తగిలాయి. సీటు ముందు భాగం కాస్త వెడల్పు, తొడల్ని పక్కకి తోస్తోంది, అంతే. "తీసుకుంటానండీ" అంది.

"ఆగు." ఆథల్ పాత పేపరు రెండు ముక్కలు చింపి, ఆమె అరచేతులకీ హ్యాండిల్ పిడులకీ మధ్య పెట్టాడు. "ఇప్పుడు నడుపుతున్నట్టు వంగు."

ఆమె వంగింది. అతను కాగితం లాగాడు. అది చిరిగింది. రెండోది కూడా చిరిగింది.

"చేతుల మీద వేలాడుతున్నావు" అన్నాడు. "బరువంతా మణికట్ల మీద, అక్కణ్ణించి భుజాలకి, అక్కణ్ణించి వెన్నుకి. ఇలా నడిపితే ఈ బండీ నిన్ను గంటలో దించేస్తుంది. అప్పుడు ఆథల్ ఓక్స్ పనికిమాలిన బండి అంటగట్టాడని చెప్పుకుంటావు. కాగితం చిరక్కుండా వచ్చిన రోజున అమ్ముతా."

ఇంటికి వెళ్ళే దారిపొడుగునా లోర్నా అతన్ని తిట్టింది. "డబ్బులిస్తామంటే పరీక్ష పెడతాడా? బడిపంతులనుకుంటున్నాడా?"

కోరలీకీ ఒళ్ళు మండుతోంది. కానీ ఆ కాగితం చిరిగిన చప్పుడు చెవిలోంచి పోవడం లేదు.

మర్నాడు పని ముగిశాక, అందరూ వెళ్ళిపోయాక, ఆమె షెడ్డులో తన పాత చోట నిలబడింది. పైన దూలానికి స్ప్రింగు, స్ప్రింగుకి వేలాడే వెడల్పాటి తోలు పట్టీ. నడుం పాడైన కత్తిరింపువాళ్ళు ఆ పట్టీలో ఛాతీ ఆనించి వంగుతారు, సగం బరువు అది మోస్తుంది. చివరి ఆరేళ్ళు ఆమె అందులోనే పనిచేసింది. ఇప్పుడు మళ్ళీ అందులోకి వాలింది. గొర్రె లేదు, కత్తెర మిషను లేదు. చేతులు గాల్లో తేలికగా ఊగాయి. తొడలు బిగిసి ఉన్నాయి, పొట్ట లోపలికి లాగి ఉంది. వెన్ను మాత్రం ఏ గొడవా లేకుండా చాపలా పరుచుకుని ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ చేతులు ఎన్నడూ ఆమె బరువు మొయ్యలేదు. మోస్తే కత్తెర ఎలా ఆడుతుంది?

"ఇదా సంగతి" అంది పైకే, ఖాళీ షెడ్డులో.

మూడు వారాలు ఉన్ని మూట మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, మోకాళ్ళతో బిగించి పట్టి, ముందుకి వంగి చేతులు వదిలేసేది. మొదటి రోజు ఇరవై లెక్కపెట్టేసరికి తొడలు వణికాయి. వారం గడిచేసరికి వంద దాటింది. ఆ తర్వాత రేడియోలో వార్తలు మొత్తం అయ్యేదాకా అలాగే ఉండగలిగింది. షెడ్డులో వాళ్ళు చూసి నవ్వారు. "ఏ రేసుకమ్మా, ఆ మూట ఎన్నోదొస్తుంది?" అని అడిగాడొకడు. "నీకంటే ముందొస్తుంది" అంది కోరలీ, చేతులు కింద పెట్టకుండానే.

మళ్ళీ బ్యూటీ పాయింట్‌కి వెళ్ళారు. ఆథల్ ఏమీ అడక్కుండా పేపరు చింపాడు. ఆమె వంగింది. అతను మొదటి ముక్క లాగాడు. కాగితం చిన్న చప్పుడు కూడా చెయ్యకుండా జారి వచ్చింది. రెండోది లాగి, రెండిటినీ వెలుతురుకేసి పట్టుకుని చూశాడు. ఎక్కడా చిరుగు లేదు.

"ఎవరు నేర్పారు?"

"గొర్రెలండీ."

ఆథల్ జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. "గ్రీన్స్ బీచ్ దాకా వెళ్ళి రా. స్పీడు ఎనభై దాటేదాకా ఏమీ అనుకోకు, ఎనభై దాటాక చూడు."

ఊళ్ళో నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ బండి మామూలుగానే ఉంది. ఇళ్ళు అయిపోయాయి, రోడ్డు తెరుచుకుంది. ఆమె గేరు మార్చి వేగం పెంచింది. అరవై, డెబ్బై. ఎనభై దాటాక గాలి ముందున్న అద్దం మీంచి జారి ఆమె ఛాతీకి తగిలింది. తగిలి ఊరుకోలేదు, ఎత్తి పట్టుకుంది. అచ్చం ఆ తోలు పట్టీలాగే, మెత్తగా, కదలకుండా. చేతుల మీద చీమంత బరువు లేదు. గుంత వస్తే కాళ్ళే మింగేస్తున్నాయి, వెన్నుదాకా కబురు వెళ్ళడం లేదు. ఆమె హెల్మెట్ లోపల గట్టిగా నవ్వింది. ఆ నవ్వు విని తనే ఆశ్చర్యపోయింది. ఆపరేషన్ తర్వాత ఇలా నవ్వడం ఇదే మొదలు.

వెళ్ళిరావడానికి అరగంట చాలు. ఆమె గంటకి వచ్చింది. లోర్నా షెడ్డు బయట గోళ్ళు కొరుక్కుంటోంది, ఆథల్ మాత్రం టీ తాగుతున్నాడు.

"పడిపోయావనుకున్నానక్కా."

"పడిపోలేదు. రెండుసార్లు వెళ్ళొచ్చా."

ఆథల్ కప్పు కింద పెట్టి బండి చుట్టూ తిరిగాడు. "సీటు ముందర నీకు వెడల్పు ఎక్కువైంది కదా. దిగేటప్పుడు చూశా, తొడలు రుద్దుకున్నావు. రెండు రోజులుండనీ, చెక్కి ఇస్తా." రెండు రోజులన్నవాడు వారం తీసుకున్నాడు. వారం తర్వాత ఆమె కూర్చుంటే, ఆ సీటు ఆమె కోసమే పుట్టినట్టుంది.

నవంబరు మొదటి ఆదివారం ఎనిమిదింటికి రొట్టెల దుకాణం ముందు పది బళ్ళు నిలబడి ఉన్నాయి. ఎర్రబండి మలుపు తిరిగి వచ్చి ఆగేసరికి అందరూ అటు తిరిగారు. వెనకే లోర్నా ట్రక్కు వచ్చింది. దాని వెనక భాగంలో ఒక పరుపు కట్టి ఉంది.

"పరుపెందుకే?" అంది కోరలీ.

"ఎందుకైనా మంచిది."

మెర్వ్ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "అంబులెన్సుకి ముందే చెప్పి ఉంచావా?"

"చెప్పాను. నువ్వు పడితే రమ్మన్నా."

"కోరలీ, వెటకారం కాదు. రానూపోనూ రెండు వందల కిలోమీటర్లు. దారిలో ఆగిపోతే సిగ్గుపడకు. నీకోసం ఆగుతాం."

"మీ కోసం నేను ఆగుతాలే" అంది కోరలీ, హెల్మెట్ పెట్టుకుంటూ.

డెర్బీ దాకా ఆమె వరసలో చివర నడిపింది. ఒంట్లో ప్రతి ముక్కనీ అడుగుతూ వెళ్ళింది. మెడ బాగుంది, మణికట్లు బాగున్నాయి, ఎడమ కాలు? ఎడమ కాలు మెలకువగానే ఉంది. డెర్బీ దాటాక అడగడం మానేసింది.

వెల్డ్‌బరో కనుమ మొదట్లో వాన పట్టుకుంది. సన్నటి వాన, పెద్ద పెద్ద మర్టిల్ చెట్ల కింద సగం చీకటి, రోడ్డు మీద తడి ఆకులు. మలుపు మీద మలుపు, ఒకటి పూర్తికాకముందే ఇంకొకటి. ముందువాళ్ళు వేగం తగ్గించారు. వాళ్ళ భుజాలు బిగుసుకోవడం ఆమెకి వెనక నుంచే కనిపించింది. అందరూ చేతుల మీద వేలాడుతున్నారు. చేతులు బిగిస్తే ముందు చక్రం మొండికేస్తుంది, తడి రోడ్డు మీద ఇంకా మొండికేస్తుంది. ఆమె చేతులు మాత్రం హ్యాండిల్ మీద ఊరికే ఆని ఉన్నాయి. మోకాళ్ళతో ట్యాంకుని పట్టుకుని, లోపలి కాలు మీద కాస్త బరువు వేస్తే చాలు, బండి తనంతట తనే మలుపులోకి వాలిపోతోంది.

చూపు ఆనిన చోటల్లా ఒక్కొక్కరినే దాటింది. తొందరపడలేదు. దారి ఇచ్చినచోట దాటింది, ఇవ్వనిచోట ఆగింది. ఏడుగురు అయ్యారు, ఎనిమిది, తొమ్మిది. అందరికంటే ముందు మెర్వ్ ఉన్నాడు, ఎప్పటిలాగే. అతని సోఫా బండి మలుపుల్లో అటూ ఇటూ బరువుగా ఊగుతోంది, కమ్మీలు రోడ్డుకి గీసుకుని నిప్పురవ్వలు రాలుతున్నాయి. కనుమ పైకి చేరేచోట రోడ్డు కొద్దిదూరం తిన్నగా సాగుతుంది. మెర్వ్ అద్దంలో ఎర్రబండిని చూశాడు. ఒక క్షణం అలాగే నడిపి, పక్కకి జరిగి, ఎడమ చెయ్యి చాచి "వెళ్ళు" అన్నట్టు ఊపాడు.

ఆమె వెళ్ళింది.

కనుమ దిగువన వాన ఆగింది. చెట్లు వెనక్కి జరిగాయి, పయెన్‌గానా పచ్చికబయళ్ళు ఒక్కసారిగా ఎండలో మెరిశాయి. ముందు ఎవరూ లేరు. ఖాళీ తడి రోడ్డు, ఆవులు, ఆవిరి. తను ఏడుస్తున్నానని కోరలీకి ఆలస్యంగా తెలిసింది, హెల్మెట్ అద్దం లోపల మసకబారాక.

సెయింట్ హెలెన్స్‌లో నీళ్ళ ఒడ్డున బండి ఆపి దిగింది. దిగి, స్టాండు వేసి, గ్లవ్స్ తీసి, రెండడుగులు వేశాక గుర్తొచ్చింది, దిగేటప్పుడు ఏమీ పట్టుకోలేదని. ఏ కమ్మీనీ, ఏ గోడనీ, ఎవరి చెయ్యినీ. మిగతావాళ్ళు వచ్చేసరికి ఆమె ఒడ్డున కొట్లో కొన్న ఆల్చిప్పల పేస్ట్రీ సగం తినేసి ఉంది.

మెర్వ్ అందరికంటే ఆఖర్న వచ్చాడు. ఆపిన బండి మీద కాసేపు అలాగే కూర్చుండిపోయాడు. ఎవరో సాయం పట్టి దించారు. అతని చెయ్యి నడుం మీద ఉంది.

"లోర్నా" అన్నాడు నీరసంగా. "ఆ పరుపు ఖాళీగానే ఉందిగా?"

పరుపు మీద మెర్వ్ పడుకుని ఆకాశం చూస్తుంటే, మిగతా తొమ్మిది మందీ ఎర్రబండి చుట్టూ చేరారు. హ్యాండిల్ ఎంత లేపారు, సీటెవరు చెక్కారు, కమ్మీలకి ఏ బోల్టులు వేశారు. ఒకడు కూర్చుని చూస్తానన్నాడు. తన పేస్ట్రీ చుట్టి ఇచ్చిన కాగితాన్ని కోరలీ రెండు ముక్కలుగా చింపి, అతని అరచేతుల కింద పెట్టింది. లాగితే చిరిగింది. ఇంకొకడు ఎక్కాడు, అతనిదీ చిరిగింది. అందరూ నవ్వుకుంటూ, ఒకణ్ణొకరు తిట్టుకుంటూ, వరసగా ఎక్కి దిగారు. ఎవరూ ఆమెతో మర్యాదగా మాట్లాడటం లేదు.

"ముసలిదానా, ఇంత మోసం చేస్తావా" అన్నాడు పరుపు మీంచి మెర్వ్. "మంచం మీద పడి ఉంటావనుకుంటే, మూటల మీద సాధన చేశావట?"

"నువ్వూ చెయ్యరా. మూట నేనిస్తా."

తిరుగు ప్రయాణంలో ముందు నడిపేవాళ్ళే దారి ఎంచుకోవడం వాళ్ళ పద్ధతి. ఎవరూ ఓటు వెయ్యలేదు. బళ్ళన్నీ స్టార్ట్ చేసి, ఆమె బయల్దేరేదాకా ఆగారు, అంతే. వచ్చిన దారినే వెళ్తే వంద కిలోమీటర్లు. ఆమె దక్షిణానికి తిప్పింది. సముద్రం పక్కనుంచి వెళ్ళి, ఎలిఫెంట్ కనుమ ఎక్కి, సెయింట్ మేరీస్ మీదుగా, లాన్సెస్టన్ తగిలి, చివర సైడ్లింగ్ మలుపులు దిగి ఇంటికి. రెండు వందల అరవై. వెనక తొమ్మిది బళ్ళ దీపాలు అద్దంలో వంకర తిరుగుతూ వచ్చాయి. మెర్వ్ బండిని తాళం వేసి ఒడ్డునే వదిలారు, అతను లోర్నా ట్రక్కులో పరుపు మీదే వచ్చాడు. ప్రతి పెట్రోలు బంకు దగ్గరా లేచి ఎక్కడున్నామో అడిగేవాడు.

సోమవారం పొద్దున కోరలీ మంచం దిగేముందు భయపడుతూ కాలు కదిపింది. వెన్ను నెమ్మదిగా ఉంది. రెండు తొడలు మాత్రం రోకళ్ళతో దంచినట్టున్నాయి. మెట్లు దిగడానికి రెయిలింగు పట్టుకోవాల్సి వచ్చింది. పనికి సెలవు చెప్పి, ఎర్రబండి తీసి బ్యూటీ పాయింట్‌కి వెళ్ళింది.

ఆథల్ షెడ్డులో కొత్త తెడ్డు చెక్కుతున్నాడు. ఆమె కుంటుకుంటూ రావడం చూసి ఉలి ఆపాడు.

"ఎక్కడమ్మాయ్ నొప్పి?"

"తొడలండీ."

"వెన్నో?"

"వెన్నుందని కూడా గుర్తులేదు."

ఆథల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. స్టూలు ఆమెకేసి జరిపి, కెటిల్ పొయ్యి మీద పెట్టి, "కూర్చుని మొదట్నుంచీ చెప్పు. ఒక్క మలుపు వదిలినా ఊరుకోను" అన్నాడు.

ఆమె చెప్పింది. వాన దగ్గరికి వచ్చేసరికి అతను ఉలి మళ్ళీ పట్టుకున్నాడు, పట్టుకుని చెక్కడం మర్చిపోయాడు. ఎలిఫెంట్ కనుమ దగ్గరికి వచ్చేసరికి టీ చల్లారింది. అంతా విన్నాక లేచి, కర్ర ఊతంతో బండి దగ్గరికి వెళ్ళి, వంగి కుడి కమ్మీ చూశాడు.

"ఇది ఇంకో అర సెంటీమీటరు దించితే..."

"ముట్టుకోకండి" అంది కోరలీ.

ఆథల్ ఆమెని చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తీసుకుని పకపకా నవ్వాడు. "సరే సరే. నీ బండి. నేను ముట్టుకోను."

ఆమె నెమ్మదిగా లేచి, తొడలు తిట్టుకుంటూ, కాలు ఎత్తి బండెక్కింది. ఇంటికి వెళ్ళే దారి కుడివైపు. ఎడమవైపు గ్రీన్స్ బీచ్. రోజు ఇంకా సగం కూడా కాలేదు. ఎడమవైపు తిప్పింది.